పదహారో రీలు

కందిపప్పు డబ్బా ఎక్కడుంటుందో ఇరవయ్యేడేళ్ళ కాపురంలో కురుమూర్తికి ఒక్కసారీ తెలియలేదు. తన బనియన్లు ఏ అరలో ఉంటాయో తెలియదు. పెళ్ళిరోజు ఏ నెలలో వస్తుందని అడిగితే, "ఎండకాలమే గద?" అని ఎదురు అడుగుతాడు. కానీ తొంభై నాలుగు దీపావళికి గద్వాల టాకీసులో ఏ సినిమా పోయి ఏ సినిమా వచ్చిందో, ఇంటర్వెల్ ముందు హీరో తొడిగిన చొక్కా ఏ రంగుదో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. దేవుడు ఈయనకు తలకాయ పెద్దదే ఇచ్చాడు గానీ, సామానంతా ఒకే మూలకు సర్దాడని భార్య నవనీతకు అప్పుడప్పుడు బాధ కలుగుతుంది.

ఇప్పుడు ఆ మూలకు పండగ వచ్చింది. మోటార్ వైండింగ్ దుకాణం నడిపే కురుమూర్తి, బట్టల కొట్టు వెంకటన్న, నాగర్‌కర్నూల్లో సారుగా చేస్తున్న ప్రేమ్ కుమార్, ముగ్గురూ గద్వాలలో ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్ళు. చదువుకున్నారనడం మర్యాదకే. తొంభైల సినిమాల్లో మేటి పది ఏవో తేల్చాలని వాట్సాప్‌లో నెల రోజులు కొట్లాడుకున్నారు. తేలలేదు. ఆదివారం పొద్దున కురుమూర్తి ఇంట్లో ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలని నిర్ణయించుకున్నారు. బొరుగుల ఉగ్గాని, బజ్జీలు ఎవరు చెయ్యాలన్నది మాత్రం చర్చ లేకుండానే తేలిపోయింది.

చర్చ లేనిది ఇంకొకటి కూడా ఉంది. ఒకటో నంబరు. అది "సరంగు సాంబయ్య". కొట్లాటంతా మిగతా తొమ్మిదింటికే.

ఆ సినిమా తొంభై ఆరు వానకాలంలో వచ్చింది. చిన్న నిర్మాత, కొత్త హీరో. ఆ తర్వాత టీవీలో రాలేదు, క్యాసెట్టు దొరకలేదు. గద్వాలలో మాత్రం యాభై రోజులు ఆడింది. కథ చిన్నదే. వరద వచ్చి ఊరు మునిగితే పడవ నడిపే సాంబయ్య అందరినీ తన గుండ్రటి పుట్టిలో ఒడ్డుకు చేరుస్తాడు. ఆఖరి తడవ ఒక ముసలమ్మను దింపి, ఆమె మేక అవతలే ఉండిపోయిందని మళ్ళీ పోతాడు. సుడిలో పుట్టి తిరగబడుతుంది. మేక ఈదుకుంటూ వస్తుంది, సాంబయ్య రాడు. ఆయన ఎర్ర తలగుడ్డ ఒక్కటే నీళ్ళమీద తేలుతూ పోతుంది. తెర నల్లబడుతుంది.

ఆ తలగుడ్డకు ఏడవని మగవాడు గద్వాలలో లేడని కురుమూర్తి నమ్మకం. జూరాల గేట్లు ఎత్తారని తెలియగానే ఏటేటా ముగ్గురూ బీచుపల్లికి పోతారు. ఆంజనేయస్వామికి దండం పెట్టుకుని, మెట్లు దిగి, ఒక కొత్త ఎర్ర తువ్వాల కృష్ణలో వదిలి వస్తారు. ఎవరి పేరనని అక్కడెవరైనా అడిగితే, "మనోడే" అంటారు.

నవనీతది వనపర్తి. పెళ్ళైన పదో రోజు అత్తింట్లో అందరూ వరసగా కూర్చుని అన్నాలు తింటుంటే సాంబయ్య మాట వచ్చింది. తలగుడ్డ దగ్గరికి వచ్చేసరికి కురుమూర్తి ఎడమచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. కొత్త కోడలు కూడా మాటల్లో కలవాలి కదా అని నవనీత అన్నది:

"సాంబయ్య సచ్చిపోలే గద. పదో దినం ఇంటికొస్తడు. తన దినాల బువ్వ తనే కూసొని తింటడు."

వరసంతా చేతులు ఆపి ఆమెను చూసింది.

"ఎవ్వలు చెప్పిండ్రు నీకు?" అన్నాడు కురుమూర్తి.

"నేనే చూసిన. వనపర్తిల."

"వనపర్తిల సచ్చినోళ్ళు గూడ లేస్తరా?"

అత్త తిరుపతమ్మకు నవ్వి నవ్వి పొలమారింది. ఆమె కూడా గద్వాలలో ఆ సినిమా ఆరుసార్లు చూసింది మరి. ఆ పూట నుంచి ఇంట్లో నమ్మబుద్ధి కాని మాటకు ఒక పేరు పుట్టింది: వనపర్తి ముచ్చట. నవనీత గ్యాసు బండి వచ్చిపోయిందంటే, "నిజంగనా, వనపర్తి ముచ్చటనా?" అనేవాళ్ళు. బిడ్డ మానసకు బోర్డు మీది అక్షరాలు కనపడటం లేదని చెప్తే, అదీ వనపర్తి ముచ్చటే అయింది. ఆరునెలలకు స్కూల్లో పరీక్ష చేసి అద్దాలు రాశారు. అప్పుడెవరూ ఏమీ అనలేదు. నవ్విన నోళ్ళు మూసుకుంటే చాలని నవనీత కూడా ఊరుకుంది.

సాక్ష్యానికి ఉన్నది ఒక్కరే, ఆ రోజు పక్కన కూర్చున్న సొంత అక్క. అడిగితే, "నాకేం తెల్సు చెల్లె, నేను ఇంటర్వెల్ కాంగనే పండుకున్న" అన్నది. అంతమంది ఒక మాట, తనొక్కతే ఒక మాట. కొన్నేళ్ళు పోయేసరికి నవనీతకే అనుమానం వచ్చింది. డిగ్రీ చదివిన మనిషి, వేరే సినిమా ఏదో దీంతో కలిపేసిందేమో, లేక తనకే కల వచ్చిందేమో. ఒకసారి ఎవరో ఎగతాళి చేస్తే, "ఏమో, నేనే యాది మరిచి ఉంట" అనేసింది కూడా. ఆ మాట అన్నాక రెండు రోజులు అన్నం రుచించలేదు. చీపురు ఎక్కడ పెట్టానన్న చిన్న సంగతికి కూడా తన మీద తనకు నమ్మకం తగ్గింది.

సినీ అభిమానుల సభ ఆదివారమనగా, గురువారం మధ్యాహ్నం చింతపండు గింజలు తీస్తూ ఆమె ఊరికే ఫోన్లో ఆ పేరు కొట్టింది. ఎన్నోసార్లు కొట్టింది, ఎన్నడూ ఏమీ రాలేదు. ఈసారి వచ్చింది. ఎవరో పుణ్యాత్ముడు నాలుగు రోజుల కింద సినిమా మొత్తం యూట్యూబులో పెట్టాడు. బొమ్మ మసకగా ఉంది, మధ్యమధ్య గీతలు. నవనీత చింతపండు చేతితోనే చివరికి జరిపింది.

చూసింది. మళ్ళీ చూసింది. మూడోసారి చూడబోతే ఫోను జారి చింతపండు పళ్ళెంలో పడింది. గోడకు ఆనుకుని అట్లాగే కూర్చుండిపోయింది. తను నిజమే చెప్పిందని తెలిస్తే సంతోషం రావాలి. రాలేదు. మరి ఇన్నేళ్ళు తప్పు తనదేనని తనను తానే ఎందుకు ఒప్పించుకున్నట్టు?

ఆ సాయంత్రం మొగుడికి చెప్పలేదు. ఒక్కడికి చెప్తే ఒక్క మాటతో కొట్టిపారేస్తాడు. ముగ్గురూ ఉండాలి, అత్త ఉండాలి, బొమ్మ పెద్దగా ఉండాలి. మూడు రోజులు మాత్రం గంటకోసారి ఫోను తీసి, ఆ పుణ్యాత్ముడు మనసు మార్చుకుని తీసేయలేదు కదా అని చూసుకుంది.

ఆదివారం ఉగ్గాని అయ్యేసరికి పది నంబర్లలో అయిదే తేలాయి. ఆరో నంబరు దగ్గర వెంకటన్న, ప్రేమ్ కుమార్ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు. నవనీత చాయ్ కప్పులు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"సాంబయ్య సినిమా దొరికింది. టీవీల పెట్టాల్నా?"

ముగ్గురూ ఒకేసారి లేచారు.

"ఏడ దొరికింది వదినా?" అన్నాడు వెంకటన్న. "మేం ఇరవై ఏండ్ల సంది దేవులాడుతున్నం."

"చింతపండుల దొరికింది" అన్నది నవనీత.

లోపలి నుంచి తిరుపతమ్మ మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చి సోఫాలో మంచి చోటు ఆక్రమించింది. సినిమా మొదలైంది. పాటలకు ముగ్గురు మగవాళ్ళూ గొంతు కలిపారు. డైలాగులు తెర కన్నా ముందే చెప్పారు. ఆరో నంబరు కొట్లాట మరిచి వెంకటన్న, ప్రేమ్ కుమార్ ఒకే తువ్వాలతో కళ్ళు తుడుచుకున్నారు. వరద వచ్చింది. ముసలమ్మ దిగింది. మేక ఈదింది. ఎర్ర తలగుడ్డ తేలిపోయింది. తెర నల్లబడింది.

కురుమూర్తి లేచి నిలబడి తెరకు దండం పెట్టి రిమోట్ అందుకున్నాడు.

"అయిపోలే" అన్నది నవనీత. "ఇంక పదకొండు నిమిషాలున్నది."

"పేర్లు పడతయ్ వదినా" అన్నాడు ప్రేమ్ కుమార్.

"పదకొండు నిమిషాలు పేర్లా సారు? ఊరు మొత్తం పనిజేసిందా?"

ఆ మాట పూర్తికాక ముందే తెర మీద వెలుగు వచ్చింది. ఏటికి దిగువన, చాలా దూరాన ఒక గట్టు. చేపలవాళ్ళ వలలో ఒక మనిషి. వాళ్ళు బోర్లా వేసి వీపు మీద నొక్కితే దగ్గాడు.

దగ్గింది సాంబయ్య.

కురుమూర్తి చేతిలో రిమోట్ గాలిలోనే ఉంది. తెర మీద పదో రోజు వచ్చింది. ఇంటి ముందు పందిరి, పటానికి దండ, విస్తళ్ళు. మాసిన గడ్డంతో సాంబయ్య వచ్చి బంతి చివర కూర్చున్నాడు. వడ్డించేవాడు తల ఎత్తకుండా వడ్డించాడు. సాంబయ్య పప్పు కలుపుకున్నాడు, వడియం కరకరమనిపించాడు, "జర నెయ్యి" అని అడిగాడు. వడ్డించేవాడు తల ఎత్తి చూసి, నెయ్యి గిన్నెతో సహా వెల్లకిలా పడ్డాడు. తర్వాత పెళ్ళి. తర్వాత పాట. పాటలో మేక కూడా ఎగిరింది.

సినిమా అయిపోయి వేరే ఎవరిదో వంటల వీడియో దానంతట అదే మొదలైనా ఎవరూ ఆపలేదు. వెంకటన్న చాయ్ కప్పు నోటి దాకా తెచ్చి, అందులో ఏమీ లేదని కూడా గమనించకుండా తాగాడు.

"ఏట్ల ఎన్ని తువ్వాలలు కలిపినం రా" అన్నాడు చివరికి. "అన్ని నా కొట్ల నుంచే."

కురుమూర్తి మొహం ఎర్రబడింది. "ఇది అసలుది కాదు. ఏఐతోని చేసిండ్రు. ఇప్పుడు సచ్చినోళ్ళతోని గూడ మాట్లాడిపిస్తున్నరు గద."

"సాంబయ్య కోసం ఏఐ ఎవడు చేస్తడు రా?" అన్నాడు ప్రేమ్ కుమార్. "ఆ హీరో పేరు వాళ్ళింట్లోళ్ళకే యాది ఉండదు."

"మరి యాభై దినాలు మనమందరం గుడ్డోళ్ళమా? గద్వాల మొత్తం గుడ్డిదా?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవాడు ఒక్కడే ఉన్నాడని వెంకటన్నకు తట్టింది. టాకీసు ఫంక్షన్ హాలుగా మారేదాకా అందులో ఆపరేటర్‌గా చేసిన ఆశీర్వాదం. డెబ్బై దాటాయి, చర్చి వెనక వీధిలో ఉంటాడు. వెంకటన్న ఫోను చేసి స్పీకరు పెట్టాడు. విషయం చెప్పాడు.

"చూసిండ్రా మొత్తానికి" అన్నాడు ఆశీర్వాదం.

కురుమూర్తి ఫోను దగ్గరికి కుర్చీ లాక్కున్నాడు.

"మొదటి దినం రీళ్ళ డబ్బా బస్సుల లేటొచ్చింది బిడ్డా. ఆట గంట ఆలస్యమైంది. అయిజకు ఆఖరి బస్సు పోతదని జనం లొల్లి. ఓనరు పైకొచ్చి, ఆశీర్వాదం, ఆఖరు రీలు ఇడిసిపెట్టు, మనిషి మునిగిండు గద, కథ అయిపోయినట్టే అన్నడు. పదహారో రీలు ఎయ్యలే. లైట్లేస్తే జనం ఒక్కటే ఏడుపు. ఏడ్చుకుంట బస్సులెక్కిండ్రు. తెల్లారి ఊర్లకు ఊర్లు దిగినయ్. ఓనరు అన్నడు గద, ఇగ ఆ రీలు డబ్బలకెళ్ళి తియ్యకు అని."

"యాభై దినాలు?" అన్నాడు ప్రేమ్ కుమార్.

"యాభై దినాలు. ఆఖరు రీలు ఏసిన ఊర్లల్ల నాలుగు దినాలల్లనే ఎత్తేసిండ్రు. వనపర్తిల మూడే దినాలు."

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే అన్నా?"

"అడిగినోడు ఎవ్వడు?" అన్నాడు ఆశీర్వాదం. "మీరు తువ్వాల ఇడిసేందుకు పోతుంటె చూసిన ఒకపారి. అప్పుడు చెప్దామనుకున్న. మీ మొకాలు చూసి చెప్పబుద్ధి కాలే."

ఫోను ఆగిపోయింది. గదిలో ఉన్నవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు నవనీత వైపు తిరిగారు. మొదట వెంకటన్న, తర్వాత ప్రేమ్ కుమార్. తిరుపతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఈ పిల్ల గిదే చెప్పె గదరా" అన్నది. "వచ్చిన పదో దినమే చెప్పె. దినాల బువ్వ తిన్నడని గూడ చెప్పె. మన నవ్వుల మన్ను పడ."

కురుమూర్తి ఒక్కడే తల ఎత్తలేదు. అరచేతిలో రిమోట్ తిప్పుతూ కూర్చున్నాడు. నవనీత ఖాళీ కప్పులు ఏరుకుని వంటింట్లోకి పోయింది. పచ్చడికి వేయించిన పల్లీలు మిక్సీలో వేసి తిప్పింది.

కాసేపటికి గుమ్మంలో నీడ పడింది. కురుమూర్తి తలుపు చెక్కను గోకుతూ ఏదో గొణిగాడు. మిక్సీ చప్పుడులో పెదవులే కదిలాయి. ఆ పెదవులు ఏమన్నాయో నవనీత మొదటిసారికే కనిపెట్టేసింది. అయినా మిక్సీ ఆపి, చేతులు తుడుచుకుంది.

"వినపడలే. జర గట్టిగ చెప్పుండ్రి."

కురుమూర్తి వెనక్కి చూశాడు. సోఫాలో తల్లి మెడ సాచి ఉంది. దోస్తులు ఇద్దరూ ఫోన్లు చూస్తున్నట్టు నటిస్తున్నారు. ఆయన ఈసారి హాలు దాటి వాకిలి దాకా వినిపించేట్టు చెప్పాడు.

"నువ్వు చెప్పిందే నిజం నవనీతా. ఆఖరు రీలు చూడకుండనే మొత్తం చూసిన్నని వాదించింది నేను. నలుగురిల నిన్ను నవ్వులపాలు చేసింది నేను. తప్పు నాదే."