బల్ల కింద కండక్టరుగారు

ముప్ఫై ఏళ్ళు బస్సులో "జరగండి, జరగండి" అంటూ జనాన్ని అదిలించిన కండక్టరుగారికి, రిటైరయ్యాక ఆరేళ్ళ పిల్ల ఒకతె లొంగలేదు. కన్నతల్లి జబ్బు నుంచి కోలుకునేదాకా చూసుకోమని పిల్లల సంరక్షణ ఏజెన్సీవాళ్ళు ఆ పిల్లని ఈ దంపతులకి అప్పగించి మూడు వారాలైంది. పలకరిస్తే చాలు, భోజనాల బల్ల కిందికి దూరేది. ఆయన వంగి, "రా తల్లీ! భయం లేదు, రా!" అని పిలిచేవారు. ఎంత గట్టిగా పిలిస్తే అంత లోపలికి జరిగేది.

"జరుగుతోందిగా, మీక్కావలసిందదేగా," అనేది భార్య.

ఆ శనివారం, ఇలా పిల్లల్ని చూసుకునేవాళ్ళకి ఏజెన్సీలో శిక్షణ. "నాకు కొత్తగా నేర్పేదేముంది?" అని గునుస్తూనే భార్య వెంట వెళ్ళారు కండక్టరుగారు. నేర్పబోయేది, పిల్ల బాగోగులు చూడ్డానికి వారం వారం వాళ్ళింటికొచ్చే కార్యకర్తే. క్లాసు చెప్పడం ఆ అమ్మాయికి అదే మొదలు. వెనక కుర్చీలో ఆమె పైఅధికారిణి పెన్ను పట్టుకుని కూర్చుంది.

"ఇప్పుడో చిన్న నాటకం. నాది పెద్దవాళ్ళ వేషం, మీలో ఒకరిది పిల్ల వేషం. ఎవరొస్తారు?"

పదిహేనుమందీ ఒక్కసారిగా తమ చెప్పులకేసి చూసుకోసాగారు. అమ్మాయి చేతిలో కాగితాలు ముందుకీ వెనక్కీ తిప్పసాగింది. పైఅధికారిణి ఏదో రాసుకుంది. అయ్యో పాపం అనిపించింది కండక్టరుగారికి.

"నేనొస్తానమ్మా," అని లేచి, మూలుగుతూ అక్కడున్న బల్ల కిందికి దూరారు. భార్య నవ్వాపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

కార్యకర్త వంగి, అచ్చం ఆయన గొంతుతోనే, "రా తల్లీ! భయం లేదు, రా!" అంది. గదంతా గొల్లుమంది.

ఆయనకి మాత్రం నవ్వు రాలేదు. అక్కణ్ణుంచి మనుషులు కనబడరు, కాళ్ళే కనబడతాయి. ఏ కాళ్ళు ఎందుకొస్తున్నాయో తెలీదు. ఉన్నట్టుండి ఓ మొహం తలకిందులుగా దిగి కేకేస్తుంది. అంత సర్వీసున్న మనిషీ ఇంకాస్త వెనక్కి జరిగారు.

"అయిపోయింది బాబాయ్‌గారూ, వచ్చెయ్యండి."

"రాను. నువ్వు అరుస్తున్నావు."

ఇది నటన కాదని ఆమెకి అర్థమైంది. కాగితాలు పక్కన పెట్టి, బల్లకి కాస్త ఎడంగా నేలమీద చతికిలబడింది. మెల్లగా, "నాకూ భయంగానే ఉంది బాబాయ్‌గారూ. మొదటి క్లాసు," అంది.

"తెలుసమ్మా. అందుకేగా దూరాను!"

పైఅధికారిణి పెన్ను ఆగింది. మోకాళ్ళు పట్టేసిన ఆయన్ని బయటికి లాగడానికి ముగ్గురు కావలసివచ్చింది. ముందు చెయ్యేసింది ఆ అధికారిణే.

మర్నాడు పిల్ల మళ్ళీ దూరింది. ఆయన పిలవలేదు. కాస్త ఎడంగా నేలమీద కూర్చుని బఠాణీలు వలవడం మొదలుపెట్టారు. రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. మూడోనాడు ఓ చిన్న చెయ్యి వచ్చి నాలుగు గింజలు పట్టుకుపోయింది. ఐదోనాడు లోపల్నుంచి మాట వినబడింది.

"అందులో పురుగుంది."

ఆయన కళ్ళజోడు సర్దుకుని చూశారు. నిజమే. "నాకు కనబడి చావట్లేదు. కాస్త చూసిపెడతావా?"

పిల్ల పాక్కుంటూ వచ్చి పక్కన కూర్చుంది.

గురువారం కార్యకర్త వచ్చేసరికి అక్కడ తనిఖీ జోరుగా సాగుతోంది. ఆమె కూడా కూర్చుని ఓ గుప్పెడు వలిచింది. పిల్ల ఆ గింజల్ని ఒక్కొక్కటీ తిప్పి చూసి, పుచ్చిన మూడింటిని ఆమె చేతిలోనే పెట్టేసింది.

"అక్కా, నువ్వు సరిగ్గా చూడట్లేదు."

"నాకూ ఇదే మాటమ్మా పొద్దుట్నించీ," అన్నారు కండక్టరుగారు, సంతోషం పట్టలేక.