విభూతిలో ఎర్రగీత

పాత మిలిటరీ తుపాకికి కొత్త బ్యారెల్ వేయించడానికి నేను మొదటినుంచీ అడ్డుపడ్డానని మా అత్తవారి ఊరు ఉద్దనపల్లిలో ఇప్పటికీ అనుకుంటారు. అది నిజం కాదు. మొదట ఉత్తరం మీద సంతకం చేసి ఇచ్చింది నేనే. తర్వాత వద్దన్నాను. వద్దన్న మాటను మాత్రం ఎవరు ఎన్ని చెప్పినా వెనక్కి తీసుకోలేదు.

ఆ తుపాకి మా మామగారు నాగేశప్పది. సైన్యం పాతబడ్డాయని పక్కన పెట్టినవాటిలో ఒకటి ఆయన లైసెన్సు మీద కొన్నారు. ఇనుప బాడీ మీద 1942 అని చెక్కి ఉంటుంది. ఆయన పోయేనాటికి కొడుకు రంగప్ప అయిదో తరగతి. ఆఫీసుల చుట్టూ తిరగడానికి ఇంట్లో చదువుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి లైసెన్సు అల్లుడినైన నా పేరుకు మారింది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా దాన్ని తీసుకెళ్లి స్టేషన్లో అప్పగించడం, అయిపోయాక తెచ్చుకోవడం, ఇంతే నాకు దానితో ఉన్న సంబంధం. ఒక్క గుండు కూడా కాల్చలేదు. రంగప్ప పెద్దవాడయ్యాక లైసెన్సులో అతని పేరు కూడా చేర్పించాను. కాల్చేవాడు అతనే.

ఈ ఏడు అడవిపందులు రంగప్ప వేరుశనగ చేనును రెండుసార్లు దున్నేశాయి. బెదిరించడానికి తుపాకి కావాలన్నాడు. ముందుగా గట్టుకు అట్టపెట్టె ఆనించి కాల్చి చూశాడు. గుండు గుండ్రటి చిల్లు పెట్టకుండా తాళంచెవి దూరే కంతలాగా పొడుగ్గా చీల్చుకుపోయింది. బ్యారెల్ లోపల గుండును తిప్పి పంపే మరలన్నీ అరిగిపోయాయి, గుండు అడ్డం తిరుగుతోంది. బెంగళూరులో లైసెన్సు ఉన్న ఒక దుకాణంవాళ్లు సెల్లులో ఫోటో చూసి, బాడీ గట్టిగా ఉంది, బ్యారెల్ ఒక్కటి మారిస్తే ఇంకో యాభై ఏళ్లు పనిచేస్తుందన్నారు. దుకాణానికి రాసిన ఉత్తరం మీద సంతకం పెట్టమన్నాడు, పెట్టాను. ఆయుధపూజ అయిన మర్నాడు తీసుకెళ్తానన్నాడు.

హోసూరులో మా ఇంట్లో ఆయుధపూజ నా భార్య మునిలక్ష్మమ్మ పని. నా స్క్రూడ్రైవర్లు, కత్తిపీట, కుట్టుమిషను, వాటి పక్కన ఈ తుపాకి, అన్నిటినీ తుడిచి వరసగా పెట్టేది. ఆమె పోయి రెండేళ్లు. పోయినేడు పూజ మానేశాను. ఈ ఏడు మానబుద్ధి కాలేదు. కుంకుమను నువ్వులనూనెలో కలిపి అన్నిటికీ బొట్లు పెట్టాను. అప్పుడు చూసుకుంటే కొబ్బరికాయ లేదు. బాగలూరు రోడ్డు దాకా నడిచి, గుమ్మడికాయల గుట్టల మధ్య బేరమాడి, తిరిగి వచ్చేసరికి ముప్పావుగంట అయింది. వచ్చి కూర్చున్నాక గుర్తొచ్చింది. ఆమె ముందు విభూతి పూసి, దాని మీద బొట్టు పెట్టేది. నేను తలకిందులు చేశాను. తుపాకి బాడీ మీది బొట్టును గుడ్డతో శుభ్రంగా తుడిచి, మూడు వేళ్లతో విభూతి పూసి, కాఫీ పెట్టుకోవడానికి లోపలికి పోయాను.

కాఫీ తాగి వచ్చి హారతి వెలిగించబోతే, తెల్లటి విభూతిలో ఒక ఎర్రగీత కనబడింది. వెంట్రుకంత సన్నం. తుడిచి మళ్లీ పూశాను. కాసేపటికి అదే చోట, అదే వంకరతో మళ్లీ వచ్చింది.

ముప్పై ఏళ్లు పాలిటెక్నిక్ ల్యాబులో పిల్లలకు నేను నేర్పిన ప్రయోగమే అది. ఇనుము మీద ఎర్రరంగు పూయి, నాననియ్యి, తుడువు, తెల్లపొడి చల్లు. పగులుంటే అందులోకి దిగిన రంగు పొడిలోకి పైకి వస్తుంది. నేను పొరపాటున కుంకుమనూనెతో, విభూతితో ఆ పరీక్ష చేశాను. వరస మరిచిపోవడం కూడా ఒక్కోసారి మేలే. హారతి పళ్లెం వెలిగించకుండానే కింద పెట్టాను.

మర్నాడు పొద్దున్నే తుపాకిని గుడ్డసంచిలో చుట్టుకుని చక్రి వర్క్‌షాపుకు పోయాను. చక్రి నా పాత విద్యార్థి, బండ్లకు గేరు సామాన్లు చేస్తాడు. లేతు మిషన్లకు కట్టిన అరటిపిలకలు ఇంకా వాడలేదు. నేను చెప్పింది విని నవ్వలేదు, అదే నాకు ఊరట. అసలైన ఎర్రరంగు డబ్బా తెచ్చి పద్ధతి ప్రకారం చేశాడు. గీత, గుండు వెనక మూసే బోల్టు వచ్చి తాళం పడే గూడు దాకా పోయింది.

ఇంట్లో లేనని తెలిసి రంగప్ప మోటార్‌సైకిల్ మీద అక్కడికే వచ్చాడు. వంగి చూశాడు.

“ఇది మా అక్క బొట్టు మరక బావా. నలభై ఏండ్ల బొట్టు.”

“మరకైతే తుడిస్తే పోతాది రంగప్పా. ఇది తుడిచినాక వస్తా ఉండాది.”

“అయితే వెల్డింగ్ పెట్టించు. హోసూరులో వెల్డింగ్ కాని ఇనుము యాడైనా ఉండాదా?”

చక్రి తల అడ్డంగా ఊపాడు. వేడి తగిలితే ఆ ఇనుముకు పెట్టిన గట్టితనం పోతుందన్నాడు. రంగప్పను పక్కకు పిలిచి, గురి చూసేటప్పుడు బోల్టు వెనక కన్ను ఎక్కడ ఉంటుందో వేలితో చూపించాడు.

“అన్నా, తుపాకి పేలితే బ్యారెల్ ఒకటే కాదు మోసేది. గుండు ముందరికి పోయేంత బలమూ వెనక్కి ఈ గూడు మీదికి వస్తాది. కొత్త బ్యారెల్ బిగిస్తే మీకు తుపాకి కొత్తదిగా కనపడతాది, గూడు మాత్రం పాతదే. ఎన్నో గుండుకు విడిపోతాదో ఎవరూ చెప్పలేరు. విడిపోయిననాడు బోల్టు ఈడికే వస్తాది.”

అతని వేలు రంగప్ప కుడికంటి దగ్గర ఆగింది. రంగప్ప ఆ చేతిని తోసేశాడు.

“మొన్న కాల్చినాను కదా. ఏమైంది నాకి?”

“ఏమీ కాలేదు,” అన్నాను. “అది చాలు. ఇంకొకసారి అడగొద్దు.”

“గుండు వద్దులే, ఉత్త శబ్దానికే కాలుస్తా.”

“శబ్దానికైనా బలం ఆ గూడు మీదికే వస్తాది. వద్దంటే వద్దు.”

“మా నాయన తుపాకి అది. కాయితం మీద నీ పేరుంటే నీదైపోతాదా?”

సంచి మూతి బిగించి ఇంటికి వచ్చేశాను. ఆ సాయంత్రమే బోల్టు ఊడదీసి బియ్యం డబ్బాలో అడుగున పెట్టాను, అది లేనిదే తుపాకి పేలదు. దుకాణానికి ఫోన్ చేసి నా సంతకం చెల్లదన్నాను. వాళ్లు, పంపండి సార్, మేము చూసి చెప్తాం, అన్నారు. చూడాల్సింది నేను చూసేశానన్నాను.

తర్వాత పదిరోజులు ఫోన్లే ఫోన్లు. మునిలక్ష్మమ్మ చిన్నాయనలు, రాయకోట మేనత్త, ఎప్పుడూ మాట్లాడని దాయాదులు. పందులు తినేది మీ చేనైతే తెలిసేదన్నారు. పుస్తకం చదివినవానికి ఇనుములో కూడా దయ్యాలు కనపడతాయని ఒకరు నవ్వారు. ఆమె పోయినాక నాకు మిగిలిన చుట్టరికం ఆ ఇల్లొక్కటే. పండక్కి పిలిచేవాళ్లు, చింతకాయ తొక్కు పంపేవాళ్లు వాళ్లే. అది తెగిపోతుందేమో అనే భయం ఉంది. ఉన్నా, రంగప్ప కన్ను కంటే చుట్టరికం పెద్దది కాదు. ఫోన్ చేసిన ప్రతి ఒక్కరికీ వద్దనే చెప్పాను. చివరికి రంగప్పే ఫోన్ చేశాడు.

“అక్క ఉండింటే తీసి నా చేతిలో పెట్టుండును.”

“పెట్టుండదు.”

“నీకెట్లా తెలుసు?”

“నువ్వు చెట్టు మీదనించి పడిన దినం ఆయమ్మ ఎట్లా పరిగెత్తిందో నేను చూసినాను.”

అతను ఫోన్ పెట్టేశాడు.

తుపాకిని ప్రభుత్వానికి అప్పగించేద్దామని నిర్ణయించుకుని, ఏ రోజు పోతున్నానో అతనికి కబురు పెట్టాను. రానన్నాడట. కృష్ణగిరి బస్సు కదిలాక వెనక్కి తిరిగి చూస్తే చివరి సీట్లో ఉన్నాడు. కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

కలెక్టరాఫీసులో కలైసెల్వి అనే గుమాస్తా కాయితాలు తీసుకుంది. మర్యాదస్తురాలు, నాకు కుర్చీ చూపించింది. బోల్టు సంచిలోంచి తీసి బల్ల మీద పెడితే దానితోపాటు నాలుగు బియ్యపుగింజలు రాలాయి. ఆమె నవ్వు ఆపుకుంది. వయసు మళ్లినందువల్ల అప్పగిస్తున్నట్టు రాసుకోనా అని అడిగింది. వద్దన్నాను. ఊరికే ఎందుకు ఇచ్చేస్తారు, లైసెన్సు ఉన్న డీలరు ఎవరైనా కొంటారు కదా అంది.

“అమ్మనమ్మా. కొన్నవాడు దానికి కొత్త బ్యారెల్ వేస్తాడు. దీని బాడీ పగిలింది, దీన్ని ఎవరూ కాల్చకూడదు. ఆ మాట రాయండి.”

“దానికి కాలమ్ లేదు సార్.”

“అంచున రాయండి.”

“అంచున రాస్తే పైన అడుగుతారు సార్.”

“అడగనీండి. నేను వచ్చి చెప్తాను.”

ఆమె పెన్ను బల్ల మీద పెట్టింది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. నా వెనక నలుగురు ఉన్నారు, ఒకాయన దగ్గాడు. జీవితంలో ఏ కౌంటర్ దగ్గరా నేను అంతసేపు దారి వదలకుండా నిలబడలేదు.

అప్పుడు నా భుజం పక్కనుంచి రంగప్ప గొంతు వినబడింది.

“రాసేయమ్మా. మా బావ రాయించుకోకుండా పోడు. పదిదినాలుగా చూస్తా ఉండాను.”

ఆమె ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. అంచున రెండు వరసలు రాసి, ముద్ర వేసి, నకలు నా చేతికిచ్చింది. పగులు అనే మాట స్పష్టంగా ఉందో లేదో చదివి చూసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాను.

తిరుగుబస్సులో అతను నా పక్కనే కూర్చున్నాడు. కోపం పోలేదు. శూలగిరి దాటాక అన్నాడు.

“పందులు ఆగవు బావా.”

“తెలుసు. మంచె మీదికి నేనూ వస్తా. తప్పెట కొడదాం.”

“నీకి తప్పెట కొట్టేది వస్తాదా?”

“రాదు.”

“చేతులు బొబ్బలెక్కుతాయి.”

“ఎక్కనీ,” అన్నాను.