రెండో వడ్డన

పొద్దున్నే కాఫీ పొయ్యి మీద పెట్టగానే డెల్ఫా చేసే మొదటి పని వాకిట్లోకొచ్చి నేల చూడటం. ఆమే కాదు, కట్లర్స్ బెండ్‌లో మేమందరం అంతే. ఏటా వసంతకాలంలో మిసిసిపీ నది కరకట్ట మీదుగా పొర్లి, మా వీధుల్లో బెత్తెడు ఒండ్రు పరిచి పోతుంది. అది ఏడాదంతా పూర్తిగా ఆరి చావదు. ఎవరు ఎవరింటికి వెళ్ళారో, ఎవరి కుక్క ఎవరి కోళ్ళ గూటి దగ్గర తచ్చాడిందో, తెల్లారేసరికి నేల మీద చదువుకోవచ్చు.

ఊరొదిలి మళ్ళీ రాకుండా పోయేవాళ్ళ సంగతీ నేలే చెబుతుంది. పోవడానికి కొన్నాళ్ళ ముందు నుంచే వాళ్ళ అడుగుల గుర్తులు పడటం మానేస్తాయి. పాపం చాలాసార్లు వాళ్ళకే తెలియదు. చర్చి పాస్టరుగారు ఒక ఆదివారం బురదలో నడిచొస్తే వెనకాల ఏమీ లేదు. ఆయన ప్రసంగం ముగించేలోపే పెద్దలు కొత్త పాస్టరు కోసం ఎవరికి ఫోన్ చేద్దామా అని గుసగుసలాడుకున్నారు. ఓపల్ అనే విధవరాలు అరిజోనా పోయేముందు తన పూలమడిలో అటూ ఇటూ తిరిగితే ఒక్క మొలక వంగలేదు. ఎందుకిలా అని మేమెవరం తలలు బద్దలు కొట్టుకోలేదు. వాన ఎందుకు పడుతుందని అడుగుతామా?

డెల్ఫా చూసుకునేది ఒక్క మనిషి గుర్తులే, మొగుడు ఎమ్మెట్‌వి. ఎడమకాలు కాస్త ఈడ్చి నడుస్తాడు. ఆ ఈడ్చిన గీత కనబడితే చాలు, లోపలికెళ్ళి కాఫీ వంచుకునేది.

ఎమ్మెట్ మా బల్లకట్టు నడిపిన మనిషి. కార్లనీ ట్రాక్టర్లనీ ఎక్కించుకుని కెంటకీ ఒడ్డు నుంచి మిస్సోరీ ఒడ్డుకి తిప్పడమే అతని బతుకంతా. కిందటేడు ప్రభుత్వంవాళ్ళు వచ్చి, ఎక్కే జనం తగ్గారు, రేవు పూడిపోతోంది అని చెప్పి బల్లకట్టుని లాక్కుపోయారు. సరిగ్గా ఆ ఏడే అతని కిడ్నీలు చేతులెత్తేశాయి. వారానికి మూడు రోజులు డయాలసిస్ పడాలి. ఆ ఆసుపత్రి అవతలి ఒడ్డున, మా రేవులో నిలబడితే తెల్లగా కళ్ళెదుటే ఉంటుంది. బల్లకట్టు ఉంటే కాఫీ తాగేలోపు చేరొచ్చు. రోడ్డు మీద పోవాలంటే ఎక్కడో ఉన్న వంతెన చుట్టి రావాలి, పోనూ రానూ రోజంతా హరీ. వెళ్ళొచ్చిన మనిషి బూట్లు విప్పే ఓపిక లేక అలాగే పడుకునేవాడు. వంతెన దగ్గరి పట్నంలో ముసలివాళ్ళని పెట్టుకునే గృహం ఉందిగా, అక్కడికి మారిపొమ్మని డాక్టరు చెప్పాడు. ఎమ్మెట్ వినలేదు. నది కనబడని చోట తనకి నిద్ర పట్టదన్నాడు.

లైబ్రరీ చూసుకునే నోరీన్‌కి ఇదంతా తెలుసు. ఒకరోజు ఆ పిల్ల పరుగున వచ్చి, ఇంటర్నెట్‌లో ఒక సైటు ఉందనీ, అధ్యక్ష పదవికి నిలబడ్డ సెనేటర్ పార్మలీ, దేశంలో ఏ ఊరు తనని అందరికన్నా ఎక్కువగా పిలిస్తే ఆ ఊరికి వచ్చి మాట్లాడతానని అందులో మాటిచ్చాడనీ చెప్పింది. పిలవడమంటే ఈమెయిల్ ఇచ్చి ఒక బొత్తాం నొక్కడమే.

డెల్ఫా నవ్వేసింది. మన ఊళ్ళో పిలిచే నోళ్ళు ఎన్నున్నాయే, పట్నాలవాళ్ళతో మనకి పోటీ ఏమిటే అంది.

"ఉన్నవాళ్ళని కాదు ఆంటీ నేను లెక్కపెట్టేది," అంది నోరీన్. "పోయినవాళ్ళని."

నిజమే కదా! మా ఊళ్ళో ఉన్నవాళ్ళకన్నా ఊరి నుంచి పోయినవాళ్ళు ఎన్నో రెట్లు. బురదలో గుర్తులు పడకుండా వెళ్ళిన జనమంతా డెట్రాయిట్‌లో, టెక్సస్‌లో, ఎక్కడెక్కడో ఉన్నారు. నోరీన్ లైబ్రరీ కంప్యూటర్ల ముందు కూర్చుని ఒక్కొక్కరినీ వెతికి పట్టుకుంది. ఊళ్ళోవాళ్ళు వంతులవారీగా వచ్చి, మా అన్న కొడుకు ఫలానా చోటున్నాడు, మా పాత పాస్టరు ఫలానా చోటున్నాడు అని చెప్పేవాళ్ళు. మెయిల్ అంటే ఏమిటో తెలియని ముసలాళ్ళు కూడా టోపీ తీసి చేత్తో పట్టుకుని, గుళ్ళో నిలబడ్డట్టు కంప్యూటర్ ముందు నిలబడేవాళ్ళు. పోయినవాళ్ళు బొత్తాం నొక్కారు. వాళ్ళ పిల్లలు నొక్కారు. మా ఊరు కళ్ళతో చూడనివాళ్ళు కూడా, మా నాయనమ్మది ఆ ఊరేనట అని నొక్కారు. పట్నాలన్నీ వెనకబడ్డాయి. వేసవి మొదట్లో కబురొచ్చింది, సెనేటర్ వస్తున్నాడని.

అప్పుడు మా ఆనందం చూడాలి. ఫైర్ ఇంజన్‌ని బయటపెట్టి దాని షెడ్డు కడిగాం. మడత కుర్చీలు వేశాం. వాలంటీరు ఫైరుదళం పెద్ద హోబర్ట్ నదిలో వల వేసి జెల్లలు పట్టుకొచ్చాడు. వాటిని మొక్కజొన్న పిండిలో దొర్లించి వేయించడంలో డెల్ఫాని మించినవాళ్ళు ఈ ఒడ్డున లేరు. ఊరి తరఫున మాట్లాడేది కూడా ఆమేనని అందరం అనుకున్నాం. పెద్ద ప్రసంగమేమీ అక్కర్లేదు, బల్లకట్టు మళ్ళీ ఇప్పించండి అంటే చాలు. ఆ ఒక్క మాటనీ ఆమె వారం రోజులు అంట్లు తోముతూ వల్లించుకుంది.

ఇక్కడ మా ఒడ్డు మర్యాద ఒకటి చెప్పాలి. గడప తొక్కిన మనిషి రెండోసారి ప్లేటు చాపేదాకా అతన్ని మేం ఏదీ అడగం. ఖాళీ కడుపుతో ఉన్నవాణ్ణి అడిగితే పీక్కుతిన్నట్టు. ఒక్క ప్లేటు తిన్నవాణ్ణి అడిగితే పెట్టిన కూటికి బదులు కోరినట్టు. రెండోది తనంతట తానే కోరాడంటే ఇక మనవాడు, అప్పుడు ఏమైనా అడగొచ్చు. పెళ్ళిళ్ళూ పొలం గొడవలూ అన్నీ రెండో ప్లేటు మీదే తేలిన ఊరు మాది. ఇది ప్రపంచమంతా ఉన్న మర్యాదేనని అనుకునేవాళ్ళం, వెర్రిబాగులవాళ్ళం.

సెనేటర్ పార్మలీ నీలం బస్సులో వచ్చాడు. పొడుగ్గా, ఇంత తెల్లటి పళ్ళతో, చూడ్డానికి మంచివాడిలాగే ఉన్నాడు. బస్సు దిగి బురదలో నడిచొస్తుంటే మేమందరం అతని మొహం వదిలేసి వెనకాల నేల చూశాం. ఏమీ లేదు. చుట్టపుచూపుగా వచ్చిన వాళ్ళవి ఎప్పుడూ పడవు, అది మామూలే. హోబర్ట్ మాత్రం ఒక బూటు కొన గుర్తు చూశానని ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు.

లోపలికొచ్చి, మీలాంటి చిన్న ఊళ్ళ గొంతు ఎవరూ వినట్లేదు, నేను వింటాను అని చక్కగా మాట్లాడాడు. చప్పట్లు కొట్టాం. తర్వాత పొయ్యి దగ్గరికి నేరుగా డెల్ఫా ముందుకే వచ్చాడు. ఆమె ప్లేటు అందించింది. కెమెరాలన్నీ వాళ్ళ చుట్టూ మూగాయి. ప్లేటు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో డెల్ఫా చెయ్యి పట్టుకున్నాడు.

"చెప్పండమ్మా. మీ ఊరికి ఏం కావాలి?"

కుర్చీలో కూర్చున్న ఎమ్మెట్ చూస్తున్నాడు. డెల్ఫా సెనేటర్ చేతిలోని ప్లేటు చూసింది. చేప ముట్టనేలేదు.

"ముందు తినండి సార్," అంది. "తర్వాత మాట్లాడుకుందాం."

మేమందరం తలలూపాం. ఎంత బాగా చెప్పిందీ అనుకున్నాం, ఒట్టు.

సెనేటర్ మొహం వెలిగిపోయింది. కెమెరాల వైపు తిరిగాడు. "చూశారా? వీళ్ళు ఏమీ అడగరు. పెట్టడమే తప్ప అడగడం తెలియని మనుషులు." ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుని బ్రహ్మాండం అన్నాడు. ఇంతలో సూటు వేసుకున్నతను వచ్చి చెవిలో ఏదో చెప్పాడు. ప్లేటు బల్ల మీద పెట్టేసి, చేతులు కలిపి, బస్సెక్కేశాడు. హోబర్ట్ రెండో ప్లేటు నింపుకుని బస్సు వెనకాల కరకట్ట మలుపు దాకా పరిగెత్తాడు. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటే ఇదే.

నోరీన్ సైటుకి మళ్ళీ మళ్ళీ రాసింది, మేం చెప్పాల్సింది చెప్పలేకపోయాం అని. మీ ఉత్సాహానికి ధన్యవాదాలు అని ప్రతిసారీ అదే జవాబు వచ్చింది. టీవీలో మాత్రం డెల్ఫాని నాలుగు రోజులు చూపించారు, ఏమీ అడగని మనిషి అని. డెల్ఫా ఆ టీవీ గోడవైపు తిప్పేసింది. మేమెవరం ఆమెని ఒక్క మాట అనలేదు. ఆ చోట ఎవరున్నా అదే అనేవాళ్ళం. అయినా ఆమెకి తిండి సహించలేదు. నా నోటితో నేనే మా ఆయన్ని చంపుకున్నాను అని నోరీన్ దగ్గర ఏడ్చింది.

"మంచి పనే చేశావులే," అన్నాడు ఎమ్మెట్. "పాపం ఆ సెనేటరు ఆకలి మీద ఉన్నట్టున్నాడు." అప్పుడు కూడా అతనికి వేళాకోళమే.

ఆ వారమే వానలు పట్టుకున్నాయి. ఎగువ నుంచి నీళ్ళొచ్చి పల్లపు రోడ్డు మునిగిపోయింది. ఊరికున్నది ఆ ఒక్క రోడ్డే. ఒక డయాలసిస్ తప్పింది. ఎమ్మెట్ కాళ్ళూ మొహమూ ఉబ్బాయి. ఇంకోటి తప్పితే ఏమవుతుందో మాకందరికీ తెలుసు. హోబర్ట్ తన చేపల పడవ తీశాడు గానీ, వరద చెట్లని మొదలంటా కొట్టుకొస్తోంది. రేవు దాటకముందే ఒక దుంగ తగిలి పడవ పగిలింది. హోబర్ట్ ఈదుకుంటూ బయటపడ్డాడు.

మర్నాడు పొద్దున వాన తెరిపిచ్చింది. డెల్ఫా వాకిట్లోకొచ్చి నేల చూసింది. ఎమ్మెట్ అప్పటికే లేచి నది చూసి వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. గేటు నుంచి మెట్ల దాకా ఒండ్రు నున్నగా అలికినట్టుంది. ఈడ్చిన గీత లేదు, ఏమీ లేదు.

ఆమె గబగబా చీపురు తెచ్చి వాకిలంతా కెలికెయ్యడం మొదలుపెట్టింది, ఆ నేల అతని కంట పడకుండా.

"ఊరికే ఎందుకే శ్రమ," అన్నాడు ఎమ్మెట్. "నిన్ననే చూసుకున్నా."

ఆమె చీపురు పడేసి, ఏడుస్తూ అతని పక్కన మెట్ల మీద కూర్చుంది. అతను లేచి బూట్ల తాళ్ళు బిగించుకున్నాడు. ఎక్కడికి అంటే ఆసుపత్రికి అన్నాడు. ఎలా అంటే, బురదే నన్ను లెక్కపెట్టడం మానేసింది, నీళ్ళు మాత్రం పెడతాయా అన్నాడు. కాస్త తిని పొమ్మంది. వాంతొస్తోంది, వద్దన్నాడు.

ఇద్దరూ రేవుకి వచ్చారు. బల్లకట్టు ఆగే వాలు మీద నిలబడి, చలికాలంలో మంచుగడ్డ మీద కాలు పెట్టి చూసినట్టు ఎమ్మెట్ ఎడమకాలు నీటి మీద పెట్టాడు. నీళ్ళు మోశాయి. రెండో కాలూ పెట్టాడు. బూటు అంచు కూడా తడవలేదు. డెల్ఫా అతని చెయ్యి పట్టుకుని వెనకే అడుగేసింది, మోకాలి దాకా దిగబడిపోయింది. అతనే లాగి ఒడ్డెక్కించాడు.

ఆమెకి ఒక్క మాట అడగాలని ఉంది. గొంతు దాకా వచ్చింది. కానీ ఖాళీ కడుపుతో ఉన్న మనిషి. మింగేసుకుంది.

ఎమ్మెట్ వెళ్ళాడు. నదిని చదివిన మనిషి కదా, బల్లకట్టుని నడిపిన దారినే, ప్రవాహానికి ఏటవాలుగా, కొట్టుకొచ్చే దుంగలని తప్పుకుంటూ నడిచాడు. కాలు ఈడుస్తూనే ఉన్నాడు. కరకట్ట మీద మేమంతా టోపీలు తీసి నిలబడ్డాం. నోరీన్ ఫోన్ తీసి ఫొటో తియ్యబోయి, డెల్ఫా మొహం చూసి మళ్ళీ జేబులో పెట్టేసుకుంది. అవతల తెల్ల భవనం దగ్గర చిన్న చుక్కలా అయ్యి లోపలికెళ్ళిపోయాడు.

డెల్ఫా ఇంటికెళ్ళలేదు. హోబర్ట్ భార్య రేవులోకే పొయ్యి తెచ్చి పెట్టింది. పొద్దు వాలుతుండగా చుక్క మళ్ళీ బయలుదేరింది. దగ్గరికొచ్చేసరికి మొహంలో వాపు తీసింది, బుగ్గలకి కాస్త రంగొచ్చింది. ఒడ్డెక్కి తడి ఒండ్రు మీద నాలుగడుగులు వేసి కూర్చున్నాడు. అందరం చూశాం. నేల నున్నగానే ఉంది.

డెల్ఫా జెల్ల వేయించి పెట్టింది. ఎమ్మెట్ తిన్నాడు, ముళ్ళు పక్కన పేర్చి, వేళ్ళు నాకి, ప్లేటు ముందుకి చాపాడు. ఎన్ని నెలలైందో అతను రెండోసారి చాపి. ఆమె ఇంకో చేప వేసింది.

"అడుగు," అన్నాడు. "పొద్దుణ్ణించీ మింగుతున్నావుగా."

"ఇలా ఎన్నాళ్ళు వస్తావు?"

ఎమ్మెట్ చేప తుంచుతూ నది వైపు చూశాడు. వరద ఇంకా దుంగలు మోసుకుపోతోంది.

"నీళ్ళు మోసినన్నాళ్ళు," అన్నాడు.

డెల్ఫా తల ఊపి, తన కోసం కూడా ఒక ప్లేటు తీసుకుని అతని పక్కన కూర్చుంది.