కడబంతి

తాయారమ్మ చేతులు నిన్నటి నుంచి ఇంటికి వెళ్ళడం లేదు. మా అన్నదాన సత్రంలో అవి ఆమె లేకుండానే పప్పు వడ్డిస్తున్నాయి. సేవకుల పేర్లు నమోదు చేయడం, వారి ఫిర్యాదులు వినడం నా బాధ్యత గనుక ఆమె పమిట నిండుగా కప్పుకొని నా ఎదుట నిలబడి ఉంది.

"చేతుల మీద నాకేం కోపం లేదండీ పంతులుగారూ. ఆకలేస్తోంది, అంతే."

వడ్డించినవారు కడబంతిలోనే భుజించాలి. అంతవరకు మెతుకు ముట్టరాదు. ఇది సత్రం నడిపే సంఘం నియమం. నిన్న కడబంతిలో ఆమెకు విస్తరి పడలేదు. వడ్డన చూసే పానకాలును పిలిపిస్తాను.

"వడ్డించింది చేతులండీ," అంటాడు పానకాలు వస్తూనే. " ఈ పిన్నిగారు ఊరికే గుమ్మంలో నిలబడ్డారు. నిలబడ్డోళ్ళందరికీ విస్తరేస్తే చెప్పుల స్టాండుకీ వెయ్యాలి."

"ఆ చేతులెవరివిరా, మీ మేనత్తవా?"

"మీవే. కానీ మీరు పంపలేదుగా, అయ్యే వచ్చినయ్. మీ పేరు కొట్టేసి వాటి పేరు రాయమనండి."

"పేరు కూడా పోతే నాకేం మిగుల్తుందిరా? గాజులు ఎటూ వాటి దగ్గరే ఉన్నాయి."

పానకాలు వాదనలో దోషం కనిపించదు. తాయారమ్మ ముఖంలో ఆకలి కనిపిస్తుంది. కలం ఆమె పేరు మీద ఆనించి, చేతులను విచారించి వస్తానని లేస్తాను.

నడిచేకొద్దీ భోజనశాల పొడవవుతుంది. తాయారమ్మ చేతులు బంతుల నడుమ సాగుతున్నాయి. చాలని ఎవరైనా అరచేయి అడ్డం పెడితే గరిటె దించి నమస్కరిస్తున్నాయి. వాటి వెనుక, గంధం పూసిన నల్లరాతి చేతులు రెండు అన్నం బుట్ట మోస్తున్నాయి.

కడబంతి చివర తాయారమ్మ అప్పటికే కూర్చుని ఉంది. ఆమె పక్కన, గర్భగుడిలో ఉండవలసిన స్వామి కూర్చుని ఉన్నారు. ఆయనకు మోచేతుల కింద ఏమీ లేదు.

"గుమ్మంలో నిలబడ్డవాళ్ళకు విస్తరి లేదటగా," అంటారు స్వామి.

"అది మనుషుల సంగతండీ. తమరికి వేస్తాను," అంటాడు పానకాలు, చంకలోని విస్తళ్ళ కట్ట విప్పుతూ.

"ఒకే బంతిలో ఒకరికి వేసి ఒకరికి మానడం పంక్తిభేదం పానకాలూ. ఇద్దరికీ వెయ్యి," అంటాను.

అతడు రెండు విస్తళ్ళు వేస్తాడు. నన్ను పైనుంచి కిందికి చూసి మూడోది వేస్తాడు.

"మీరూ కూర్చోండి. మీ చేతులూ రాలేదు."

చూసుకుంటాను. నిజమే. అవి కలం దగ్గరే ఉండిపోయాయి.

తాయారమ్మ చేతులు వచ్చి స్వామికి పప్పన్నం కలుపుతాయి. రాతి చేతులు ఆమె నోటికి ముద్ద అందిస్తాయి. ఆమె కళ్ళు మూసుకొని నములుతుంది.

చివరకు నా చేతులు కార్యాలయం గడప దాటి వస్తాయి. అంత దూరాన, కుళాయి దగ్గర ఆగి ఒకదాన్నొకటి కడుక్కుంటాయి. సిరా వదలడం లేదు. మళ్ళీ కడుక్కుంటాయి. నేను విస్తరి ముందు నోరు తెరుచుకొని కూర్చుంటాను.