కోటు హీరో తుడిచిన గిన్నెలు

కిటికీ గట్టు మీద ఎండలో పెట్టిన టార్చి బ్యాటరీలను ఆయన ఒక్కొక్కటే తీసి చెంపకు ఆనించి చూసుకున్నాడు. వెచ్చబడ్డాయి. కొత్తవి కొనడానికి తను పనిచేసే సినిమాహాలు యజమానికి చేయి రాదు. అందుకని నీరసించిపోయిన వాటికే కాస్త ఎండ తగిలించి ఇంకో పూట లాగించడం తనకు అలవాటైపోయింది. టార్చిలో వేసి, మూత బిగించి, గోడ మీదకు వెలిగించబోతే వెలుగు పోయి సరిగ్గా భార్య మొహం మీద పడింది.

"నా మొహం మీద కొడతారేంటి? నేనేమైనా టికెట్టు లేకుండా వచ్చానా?" అంది ఆవిడ.

చీకట్లో జనానికి సీట్లు చూపించే పని ఆయనది. పేరంటూ ఒకటి ఉండే ఉంటుంది. కానీ మేనేజరు మొదలు టీ అమ్మేవాడి వరకు హాల్లో అందరికీ ఆయన టార్చి బాబాయే. ఇంట్లో మాత్రం "ఇదిగో", "వింటున్నారా", కోపం వస్తే "మహానుభావా". ఇవాళ లేచిన దగ్గర్నుంచీ మహానుభావుడే నడుస్తున్నాడు.

"మహానుభావా, చివరిదాకా చూడండి. నేను చిట్టచివర్లో వస్తానట, సినిమా తీసిన ఆ పిల్ల చెప్పింది. మీరేమో ముందే తలుపుల దగ్గరికి పరిగెడతారు."

"తలుపులు తియ్యకపోతే జనం తంతారే నన్ను."

"ఒక్క పూట తన్నించుకోండి. నాకోసం."

ఆవిడ కాళ్లు పీట మీద పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. చీలమండలు ఉబ్బి నున్నగా మెరుస్తున్నాయి. గుండె బలహీనపడిందని, మెట్లు ఎక్కకూడదని, ఉద్రేకపడకూడదని డాక్టరు చెప్పాడు. మెట్లు మానేసింది. రెండోది తన వల్లకాదని డాక్టరుకు మొహం మీదే చెప్పేసి వచ్చింది. సాయంత్రం ఆటకు పక్కింటి టైలరమ్మ దగ్గరుండి తీసుకొస్తానంది. ఈలోపు మధ్యాహ్నం ఆటలో ఆయన చూసి వచ్చి, ఎలా ఉందో చెప్పాలి.

ఆవిడ సినిమాలో కనిపించడమేమిటంటే, దాని వెనక పెద్ద తతంగమే ఉంది. ఎండైనా వానైనా కోటు విప్పని హాస్యనటుడు ఒకాయన ఉండేవాడు. జనం కోటు హీరో అనేవాళ్లు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆయన సినిమాలను కూడా మరిచిపోయారు గానీ, ఆయన మీద పుట్టిన పుకారు మాత్రం ఇంకా చావలేదు. ఉన్నట్టుండి ముక్కూమొహం తెలియని వాళ్ల ఇంట్లోకి వచ్చేసేవాడట. ఒక ఇంట్లో ఊగుతున్న మంచంకోడు బిగించాడట, ఇంకో ఇంట్లో పిల్లాడి లెక్కలు తప్పుల తడకగా చేసిపెట్టాడట. పని కాగానే "ఎవరికి చెప్పినా నమ్మరులే" అనేసి చక్కాపోయేవాడట. "మా ఇంటికే వచ్చాడు, ఒట్టు!" అనే అత్తయ్యో మేనమామో ప్రతి వీధిలోనూ ఒకరు ఉండేవాళ్లు.

ఈ వీధికి ఆవిడ. పెళ్లయిన కొత్తలో, ఒక వాన మధ్యాహ్నం తాను గిన్నెలు తోముతుంటే, కోటు హీరో వంటింట్లోకి వచ్చాడంటుంది. కోటు విప్పి మేకుకు తగిలించి, చొక్కా చేతులు మడిచి, పొడిగుడ్డ అందుకుని, తోమిన గిన్నెలన్నీ తుడిచాడంటుంది. ఆ సాయంత్రమే మొగుడికి చెప్పబోయింది. "గిన్నెలు తుడిచాడండీ" అనేసరికి ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు మొదలుపెట్టినా సరిగ్గా అక్కడే నవ్వేవాడు. చుట్టాలొస్తే చాలు, "కంచాలు జాగ్రత్త, కోటు హీరో చేతి మీదుగా వచ్చినవి" అని ఆటపట్టించేవాడు. ఆవిడ మూతి ముడుచుకుని లోపలికి పోయేది. కాసేపటికి తనూ నవ్వేసేది. కథ మాత్రం అక్కడితో ఆగిపోయేది.

కిందటేడు నలుగురు పిల్లలు అరువు కెమెరా ఒకటి భుజాన వేసుకుని వీధిలోకి దిగారు. వాళ్లకు నాయకురాలు పొట్టి జుట్టు పిల్ల ఒకతె. కోటు హీరో పుకారు మీద నవ్వుల సినిమా తీస్తున్నామన్నారు. ఆయన వేషం వేసినవాడు ఎక్కడో బ్యాంకు గుమాస్తా. కోటు కుట్టిపెట్టింది టైలరమ్మే. సినిమా అయ్యాక చివర్లో, ఆయన నిజంగా వచ్చాడనేవాళ్ల మాటలు కూడా పెడతామంటే ఆవిడ ముందుకొచ్చింది. కెమెరా పెట్టగానే మొగుడిని బయటికి తరిమేసింది. "మీరుంటే నవ్వుతారు. పోయి మెట్ల మీద కూర్చోండి" అంది. లోపల ఏం చెప్పిందో ఆయనకు తెలియదు. అడిగితే "సినిమాలో చూడండి" అని ఏడాదంతా ఊరించింది.

అది నవ్వుల సినిమా. ఆయన భయమంతా అదే. తను ఇంట్లో నవ్వడం వేరు, ఎంతైనా మొగుడు. ముక్కూమొహం తెలియనివాళ్లు హాలు హాలంతా ఆవిడను చూసి పగలబడి నవ్వితే? ఇంత ఆశపడి వచ్చి, ఆ చీకట్లో కూర్చుని, తను నవ్వులపాలు కావడం తనే చూసుకుంటే ఆ గుండె తట్టుకుంటుందా? అలాంటిదేమైనా ఉంటే మిషను చెడిపోయింది, సాయంత్రం ఆట లేదు అని చెప్పేద్దామనుకున్నాడు. ఆ అబద్ధాన్ని దారిపొడవునా నోట్లో నానబెట్టుకుంటూ నడిచాడు.

హాలు ఆయన కళ్ల ముందే ముసలిదైపోయింది. ఒకప్పుడు జనం నడవాల్లో కూడా కూర్చుంటే, కాలు పెట్టడానికి చోటు వెతుక్కుంటూ నడిచేవాడు. నిద్రపోయిన పిల్లలను ఎత్తుకెళ్లి తండ్రుల భుజాన వేసేవాడు. ఆ రోజుల్లో ఆవిడ భోజనం డబ్బా పట్టుకుని పక్క తలుపు దగ్గరికి వచ్చేది. తలుపు తెర సందులోంచి ఇద్దరూ ఒక పాట చూసేవాళ్లు, భుజం భుజం ఆనించి, నిలబడే. పాట అయిపోగానే ఎవరో ఒకరు "టార్చీ!" అని కేకేసేవారు. ఇంతకాలం కాపురం చేసి, ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఒక్క సినిమా చూసింది లేదు. తలచుకుంటే ఆయనకు సిగ్గేసేది.

మధ్యాహ్నం ఆటకు అక్కడొకరు ఇక్కడొకరు వచ్చారు. ఎవరికి తోచిన చోట వాళ్లు కూర్చున్నారు. టార్చితో పనేం పడలేదు. గోడకు ఆనుకుని నిలబడి చూశాడు. సినిమా బాగుంది. పాపం కోటు హీరో ఏ ఇంటికి వెళ్లినా ఎవరూ గుర్తుపట్టరు. ఒక ఇంట్లో కుళాయి బాగుచేసేవాడనుకుంటారు, ఇంకో ఇంట్లో పెళ్లికొడుకు అనుకుంటారు. బ్యాంకు గుమాస్తా ఏడుపుమొహంతో కుళాయి తిప్పుతుంటే ఆయన కూడా నవ్వాడు. వెనక వరుసలో ఒక లావుపాటాయన కుర్చీ విరిగేలా ఊగిపోతున్నాడు.

సినిమా ముగింపుకు వస్తోందని ఆయనకంటే ముందు ఆయన కాళ్లకు తెలిసిపోతుంది. ముగింపు మొదలవగానే వెళ్లి, రెండు వైపులా తలుపుల ఇనుపగడియలు చప్పుడు కాకుండా తీసి, తలుపు తెర పట్టుకుని నిలబడాలి. లెక్కలేనన్ని సినిమాలు చూశాడు గానీ, ఒక్కదాని ముగింపు కూడా తిన్నగా చూసి ఎరగడు. ఇవాళా కాళ్లు వాటంతట అవే కదిలాయి. రెండడుగులు వేసి ఆగాడు. "తన్నించుకుంటాలే" అనుకుని వెనక్కి వచ్చి, దగ్గర్లో ఉన్న కుర్చీలో కూర్చున్నాడు.

వరసగా ఒక ముసలాయన, ఒక పళ్లు అమ్మే ఆవిడ, ఎవరో కవలలు వచ్చిపోయారు. ఆ తర్వాత తన వంటిల్లు. అందులో తన భార్య. ఆ మొహాన్ని అంత పెద్దగా ఎప్పుడూ చూడలేదు. చెంప మీద పుట్టుమచ్చ, పక్కకు జారిన కళ్లజోడు, చెప్పబోయే ముందు పెదవి తడుపుకోవడం, అన్నీ తనవే, అందరి ముందూ. ఆవిడ చెప్పింది. వాన, కోటు, మేకు, గుడ్డ. "గిన్నెలన్నీ తుడిచాడమ్మా!"

హాలు భళ్లున నవ్వింది. లావుపాటాయన చప్పట్లు కొట్టాడు. టార్చి బాబాయి వెనక్కి తిరిగి ఆ నవ్వే మొహాలను చూశాడు. ఇన్నాళ్లూ తన నవ్వు ఆవిడకు ఇలాగే వినిపించిందన్నమాట!

తెర మీద ఆవిడ మాత్రం కంగారుపడలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఓపిగ్గా, నవ్వు అయిపోయేదాకా ఆగింది. ఆ రోజు కెమెరా ముందు నవ్వినవాళ్లు ఎవరూ లేరు. అయినా ఆ మాట దగ్గర ఆగడం ఆవిడకు అలవాటైపోయింది. ఆ అలవాటు ఎవరు చేశారో హాల్లో ఒక్కడికే తెలుసు.

"అయ్యిందా?" అంది ఆవిడ. "ఆఖరి గిన్నె తుడుస్తూ, 'మీ ఆయన ఏం చేస్తాడమ్మా?' అని అడిగాడు. సినిమాహాల్లో టార్చి చూపిస్తారండీ అన్నాను. ఆయన చేతిలో గుడ్డ ఆగిపోయింది. 'అయితే నా సినిమాలు నాకంటే ఎక్కువసార్లు చూసింది ఆయనే. అదీ నిలబడి! ఒక్కసారైనా కూర్చోబెట్టి చూపించు తల్లీ' అన్నాడు. కోటు వేసుకుని గుమ్మం దాకా వెళ్లి, 'మీ ఆయనకు చెప్పు. నమ్మడులే' అన్నాడు. ఎందుకు నమ్మరండీ, మా ఆయన నమ్ముతారు అన్నాను." కళ్లజోడు సరిచేసుకుంది. "ఇంకా చూస్తున్నాను."

ఎవరూ నవ్వలేదు. లావుపాటాయన ముక్కు చీదుకున్నాడు. తెర తెల్లబడింది, లైట్లు వెలిగాయి, జనం వెళ్లి మూసి ఉన్న తలుపులకు గుద్దుకున్నారు.

"ఏమైంది బాబాయ్, కునుకు తీశావా? తలుపులు తియ్యవయ్యా!" అని మేనేజరు పైనుంచి కేకలు. ఆయన తడబడుతూ వెళ్లి గడియలు లాగాడు. కళ్లు తుడుచుకోవడానికి కూడా తీరలేదు. లావుపాటాయన బయటికి వెళ్తూ ఆగి, "ఆ చివరావిడ భలే చెప్పింది బాబాయ్. ఎవరావిడ?" అన్నాడు.

"మా ఆవిడేనండీ."

"ఊరుకో బాబాయ్! కోతలకైనా హద్దుండాలి" అని ఆయన పడీపడీ నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. టార్చి బాబాయికి ఒళ్లు మండింది. మరుక్షణం తనకూ నవ్వొచ్చింది. తనకు ఈ శాస్తి జరగాల్సిందే.

మేనేజరు గదికి వెళ్లి టార్చి బల్ల మీద పెట్టాడు. "సాయంత్రం ఆటకు నేను పని చెయ్యను. కూర్చుంటాను."

"ఎక్కడ కూర్చుంటావు?"

"సీట్లోనండీ. మా ఆవిడ పక్కన."

మేనేజరు నోరెళ్లబెట్టాడు. "మరి జనానికి సీట్లు ఎవరు చూపిస్తారు?"

"మీరున్నారుగా" అనేసి, జవాబు కోసం చూడకుండా బయటపడ్డాడు.

ఇంటికి దాదాపు పరుగే. అబద్ధం ఎప్పుడో నోట్లోంచి జారిపోయింది. దాని స్థానంలో ఒకే ఒక్క మాట ఉంది, అది ఎలా చెప్పాలో తెలియడం లేదు. తిన్నగా చెబితే వెక్కిరిస్తున్నాడనుకుంటుంది. ఒట్టు వేస్తే అస్సలు నమ్మదు. టైలరమ్మ తన గుమ్మంలోంచి "ఎలా ఉంది బావగారూ? అక్క ఇందాకటిదాకా ఒకటే హడావుడి, సూదీదారం పట్టుకెళ్లింది" అంది. "చెప్తా, చెప్తా, ముందు ఆవిడకు చెప్పాలి" అని లోపలికి నడిచాడు.

ఆవిడ కిటికీ వైపు తిరిగి కుర్చీలో కూర్చుని ఉంది. మొహంలో మొహం పెట్టి చెప్పడానికి ధైర్యం చాలక, పెరటి కుళాయి దగ్గరికి పోయి కాళ్లు కడుక్కుంటూ మొదలుపెట్టాడు.

"ఏమేవ్, చివరిదాకా చూశాను. తలుపులు కూడా తియ్యలేదు, తిట్లు తిన్నాను. భలే చెప్పావే. అందరూ గప్‌చుప్ అయిపోయారు." కుళాయి కట్టేశాడు. "ఇదిగో, ఆయన వచ్చాడు. గిన్నెలు తుడిచాడు. నా గురించి అడిగాడు. నేను నమ్ముతున్నాను. నవ్వుతాలుకు కాదు, నిజంగా. వింటున్నావా?"

బెట్టు చేస్తోందనుకున్నాడు. చెయ్యనీ, ఇన్నేళ్లు ఏడిపించాడు, ఒక పూట బెట్టు చేస్తే మాత్రమేం? తువ్వాలుతో కాళ్లు తుడుచుకుని, కుర్చీ ముందుకు వచ్చి నిలబడ్డాడు. కళ్లజోడు ముక్కు మీదకు జారి ఉంది. తల కొంచెం పక్కకు వాలింది. సరిచేద్దామని చెంప మీద చెయ్యి వేశాడు, చల్లగా తగిలింది.

చాలాసేపు ఆ పీట మీదే, ఆవిడ పాదాల పక్కన కూర్చుండిపోయాడు. "నమ్మానే. నమ్మానని చెప్పాను కదే" అంటూనే ఉన్నాడు, టైలరమ్మ వచ్చి గుమ్మంలో నిలబడిపోయేదాకా.

ఆవిడ ఒళ్లో, పెళ్లిళ్లకే వేసుకునే ఆయన తెల్లచొక్కా ఉంది, ఇస్త్రీ మడతలు నలగకుండా. పై గుండీ సగమే కుట్టి ఉంది, మిగతా దారం కొసన సూది వేలాడుతోంది.