బాగున్నాయని రాసిన పాదాలు

పొయ్యి మీద కాలే రాళ్ళ మీద చెంబెడు నీళ్ళు.

సుయ్‌మని శబ్దం... ఆవిరి లేచి చెవులు చురుక్కుమన్నాయి.

చెక్కబల్ల మీద నేను. నా పక్కన నా బావమరిది రెయో.

సరస్సు ఒడ్డున ఈ ఆవిరిగదిలో ప్రతి శనివారం సాయంత్రం ఇంతే. ఇక్కడ ఒంటి మీద బట్టలుండవు, మనసులో దాపరికాలుండవు అంటారు మావాళ్ళు.

నాకొకటుంది.

పన్నెండేళ్ళుగా షుగరు. కాగితం మిల్లులో రిటైరైన ఏడాది నర్సు మర్యుత్ ఒక పుస్తకం చేతిలో పెట్టింది. పొద్దున్నే వేలు గుచ్చి షుగరు చూసుకోవాలి — రాయాలి. పడుకునే ముందు అద్దం పెట్టి అరికాళ్ళు చూసుకోవాలి — రాయాలి.

రాశాను.

నెలకోసారి రాశాను. ఆరోగ్యకేంద్రం బయట, కారులో కూర్చుని, నెల మొత్తం ఒక్కసారే. మా దేశపు లెక్కలో మంచి షుగరంటే ఆరు, ఏడు అంతే. ఆరు, ఏడు, ఆరున్నర... నమ్మేలా మధ్యలో ఒక తొమ్మిది. అనుమానం రాకుండా రెండు పెన్నులు.

పాదాలు బాగున్నాయి. పాదాలు బాగున్నాయి. పాదాలు బాగున్నాయి.

మిల్లులో యంత్రాల రీడింగులు కూడా ఇలాగే రాసేవాళ్ళం. యంత్రాలు ఏమీ అనలేదు.

యాలకుల బన్నులు చేసేది నా భార్య హిల్కా. "ఒక్కటి చాలయ్యా" అనేదీ ఆవిడే. ఆవిడ అటు తిరిగి కాఫీ గిన్నె కడిగేలోపు రెండోది నా నోట్లో ఉండేది.

మర్యుత్ నా పుస్తకం చూసి మురిసిపోయేది. ఓసారి పక్కనున్న రోగికి చూపించింది కూడా. "ఈయన్ని చూసి నేర్చుకోండి."

తల దించుకుని నా బూట్ల వంక చూస్తుండిపోయాను. సిగ్గేసింది. నిజంగానే సిగ్గేసింది.

మరుసటి నెల కూడా కారులోనే రాశాను.

రెయో ముక్కు ఎగబీల్చాడు.

"బావా, పొయ్యి మీద సాసేజీలు గానీ పెట్టావా?"

"లేదే."

"మరేదో కమురు వాసనొస్తోందే. నీ వంటేమో అనుకున్నా."

నవ్వాను. వాడూ నవ్వాడు. తర్వాత కిందికి చూశాడు... నవ్వడం ఆపేశాడు.

"బావా. కాలు. కాలు తియ్యి."

నా ఎడమ పాదం పొయ్యి ఇనప అంచుకు ఆని ఉంది. ఎప్పటినుంచో తెలియదు.

నొప్పి లేదు. అసలు నొప్పే లేదు.

హిల్కా పరుగెత్తుకొచ్చింది. "రోజూ చూసుకుంటున్నానన్నావుగా?"

"చూసుకుంటూనే ఉన్నాను" అన్నాను. అప్పుడు కూడా.

ఆ సాయంత్రమే ఆసుపత్రిలో కట్టు కట్టారు. సోమవారం మర్యుత్ దాన్ని విప్పింది. బొబ్బ పక్కన, బొటనవేలి కింద, ఇంకో పుండు. లోతుగా, పాతది. దాన్ని నేను చూడడం అదే మొదటిసారి.

కాలు దక్కుతుందా అని అడగాలనుకున్నాను. విప్పిన కట్టు వంక చూశాను.

ఆవిడ పుస్తకం మాటెత్తలేదు. తిట్టినా బాగుండేది.

"కళ్ళు మూసుకోండి, ఔలిస్ గారూ. ఈ సన్నటి దారం పాదానికి తగలగానే చెప్పండి."

మూసుకున్నాను.

ఏమీ లేదు...

ఏమీ లేదు...

చాలాసేపైంది కదా, ఈపాటికి తగిలే ఉంటుందనిపించింది.

"ఆ, తగిలింది" అన్నాను.



"నేనింకా తాకించలేదండీ."

ఆ గొంతులో కోపం లేదు. కళ్ళు తెరవడానికి నాకు మొహం చెల్లలేదు.