అట్ట కిటికీ

కాఫీ గ్లాసు కుడిపక్కన, కళ్లజోడు తుడిచే గుడ్డ ఎడమపక్కన పెట్టుకుని, స్పాస్ అప్పటికే రెండో ఫిర్యాదు చదువుతున్నాడు. ప్లోవ్‌దివ్‌ పట్నంలో ఆ మూడో అంతస్తు గదిలో ముప్పై ఒక్క ఏళ్లుగా ఆయన పని ఇదే. ఆసుపత్రుల్లో చీటీలు రాసే బల్లల దగ్గర వాడే కంప్యూటరు ప్రోగ్రాముకు కిటికీలు చెయ్యడం. పెద్దవి కాదు. మధ్యలో వచ్చి ‘ఈ మనిషేనా? అవునా, కాదా?’ అని అడిగి పోయే చిన్న చిన్న కిటికీలు. అవి తెర మీద ఎక్కడ తెరుచుకోవాలి, దేన్ని కప్పకూడదు, అన్న ఆలోచనతోనే ఆయన జుట్టు తెల్లబడింది. అంత చిన్న పనికి ఒక బతుకంతా కావాలా అంటే, ఆయనకు మాత్రం సరిగ్గా సరిపోయింది.

మనిషి పొట్టి. కూర్చుని కూర్చుని భుజాలు ముందుకు వంగాయి. స్వెట్టరు మోచేతులకు భార్య లిల్యానా కుట్టిన తోలు అతుకులు. జేబులో ఎప్పుడూ ఒక అట్టముక్క ఉండేది. చాక్లెట్ పెట్టె మూతలోంచి కత్తిరించింది, అరచేతికన్నా కాస్త పెద్దది. ఒక పక్క గులాబీ బొమ్మ, రెండో పక్క పెన్సిలుతో గీసిన రెండు గడులు: ‘అవును’, ‘కాదు’. వయసులో ఉన్నప్పుడు బస్సెక్కి ఆసుపత్రి ఆసుపత్రికీ వెళ్లి, బల్ల దగ్గరి ఆవిడ చేతికి ఆ అట్ట ఇచ్చి, తెర మీద ఎక్కడ పెడితే నీకు అడ్డం రాదో అక్కడ పెట్టమ్మా అనేవాడు. ఒకావిడ పైన పెట్టేది, ఒకావిడ కింద మూలకు తోసేది. చూసి చూసి చివరికి, ఎవరు కిటికీని ఎక్కడికి జరుపుకుంటే మర్నాడు అక్కడే తెరుచుకునేలా ప్రోగ్రాములో రాసిపెట్టాడు.

ఆ రోజు ఆయనకు ఉద్యోగంలో ఆఖరి రోజు. వెళ్లేవాడే అందరి నోరూ తీపి చెయ్యాలి కదా, పొద్దున్నే చాక్లెట్ పెట్టె తెచ్చి బల్ల బల్లకూ తిప్పాడు. లిల్యానా చేసిచ్చిన బనిత్సా, జున్ను పెట్టి కాల్చిన పొరల రొట్టె, పళ్లెంలో ఇంకా వెచ్చగానే ఉంది.

ఆ రెండో ఫిర్యాదు కొండల్లోని ఓ చిన్న ఆసుపత్రి నుంచి వచ్చింది. రోగి పేరు ఎక్కించగానే ప్రోగ్రాము కొయ్యబారిపోతోందట. మూడు రోజులుగా యాన్కా అనే ఆవిడ చీటీలు చేత్తోనే రాస్తోంది. ఇప్పుడు ఈ జట్టుకు పెద్ద దెనిత్సా. ఒకప్పుడు స్పాస్ దగ్గరే పని నేర్చుకున్న పిల్ల. ఆమె అప్పటికే మందు కనిపెట్టేసింది. కిటికీ తెర బయటెక్కడో తెరుచుకుంటోంది కాబట్టి, పాత గుర్తులన్నీ చెరిపేసి ప్రతి కిటికీనీ నడిమధ్యనే తెరిపిస్తే సరి, ఒక్క వాక్యం పని అంది. నాలుగు గంటలకు కొత్త ప్రోగ్రాము అన్ని ఆసుపత్రులకూ వెళ్లాలి.

స్పాస్ చేతిలోని బనిత్సా ముక్క పళ్లెంలో పెట్టేశాడు. నడిమధ్య అంటే సరిగ్గా రోగి పేరూ, పుట్టిన ఏడాదీ ఉండే చోటు. మనవరాళ్లకు నాయనమ్మల పేర్లు పెట్టుకునే మనుషులం. పంతొమ్మిదేళ్ల కిందట ఒకచోట అలాగే ఏడాది మీద కిటికీ కూర్చుంటే, నాయనమ్మ చీటీ మనవరాలి చేతికి పోయింది. సూది వెయ్యబోయిన డాక్టరు చూశాడు గనక సరిపోయింది.

“నాలుగు దాకా నాకొదిలెయ్యమ్మా,” అన్నాడు. “అప్పటికీ కాకపోతే నీ మధ్యలోనే పెట్టుకో.”

“ఇవాళైనా వెనక్కి వాలి కూర్చోరాదూ, బాబాయ్?” అంది దెనిత్సా. కానీ వదిలింది.

యాన్కాకు ఫోన్ చేశాడు.

“నొక్కితే టింగుమంటోందా, మూగగా ఉందా?”

“టింగుమంటోంది. మా అత్తగారిలాగే. గొణుగుడే తప్ప ఏం కావాలో చెప్పదు.”

“అయితే బతికే ఉంది. నిన్నేదో అడిగి జవాబు కోసం కూర్చుంది. ఎంటర్ మాత్రం కొట్టకు తల్లీ, చూడకుండా అవునన్నట్టు అయిపోతుంది.”

ఏ రెండు మీటలు కలిపి నొక్కాలో, తర్వాత ఏ అక్షరమో చెప్పి, కుడి బాణం మీద వేలు పెట్టి తియ్యవద్దన్నాడు. యాన్కా అలాగే నొక్కి పట్టింది.

“వస్తోంది. పిల్లిలా మెల్లగా వస్తోంది,” అని, గొంతు తగ్గించింది. “ఎడమ నుంచి, బాబాయ్. కెరా వైపు నుంచి.”

అప్పుడు చెప్పుకొచ్చింది. కెరా, తనూ ఇరవై రెండేళ్లు పక్కపక్కన కూర్చున్నారు, యంత్రం ఒకటి, తెరలు రెండు. యాన్కా పేరు ఎక్కించేది. ప్రశ్న కిటికీని తనే కెరా తెర మీదికి తోసేసింది ఎప్పుడో. కెరా పేరూ ఏడాదీ పైకి చదివి ‘అవును, కానివ్వు’ అనేది. కెరా చనిపోయింది. ఆదివారం నలభయ్యో రోజు, ఆమె పేరున గోధుమలు ఉడికించి పంచారు. సోమవారం ఆ తెరను పళ్ల డాక్టరు గదిలోకి పట్టుకుపోయారు. కిటికీ మాత్రం ఇంకా అటే తెరుచుకుంటోంది.

స్పాస్ కళ్లజోడు తీసి తుడిచాడు. ఇకమీద ఎక్కడ ఉంటే బాగుంటుందని అడిగాడు.

“ఎడమ అంచునే ఉండనియ్యి,” అంది.

పని మొదలుపెట్టాడు. కిటికీ తెరుచుకునే ముందు, ఇప్పుడు ఎన్ని తెరలున్నాయో యంత్రాన్నే అడగాలి. గుర్తున్న చోటు వాటిలో ఉంటే ముట్టుకోకూడదు. లేకపోతేనే, దగ్గరున్న తెర అంచు దాకా లోపలికి లాగాలి. అంతకుమించి ఒక్క వేలెడు కూడా జరపకూడదు. తన రెండో తెర తీగ పీకేసి చూశాడు. మొదటిసారి కిటికీ తల తెర పై అంచు దాటిపోయింది, పట్టుకుని లాగే వీలే లేదు. రెండోసారి ‘అవును’ గడి తెర అడుగునుండే పట్టీ కింద దూరింది. మూడోసారి, నాలుగింటికి పావుగంట ముందు, చక్కగా ఎడమ అంచున వచ్చి నిలబడింది.

దెనిత్సాను ఆమె బల్ల దగ్గరే పట్టుకుని, జేబులోని అట్ట తీసి ఆమె తెర నడుమ ఆనించాడు.

“పేరు చదువు.”

“కనబడితేగా.”

“పోనీ, ఏడాది?”

ఆమె వేలితో ఆ అట్టను కిందికీ ఎడమకూ జరిపింది. తర్వాత తల అడ్డంగా ఊపింది. మా దేశంలో అవునంటే అలాగే ఊపుతాం.

నాలుగింటికి కొత్త ప్రోగ్రాము వెళ్లింది. అయిదు కొట్టకముందే యాన్కా ఫోన్. కిటికీ చెప్పిన చోటే తెరుచుకుందట. ఇప్పుడు ఏడాది తనే పైకి చదివి, ‘అవును, కానివ్వు’ అని తనకు తనే చెప్పుకుంటోందట. వరసలో ముసలాయన కేకలేస్తున్నాడు, ఉంటానని పెట్టేసింది.

స్పాస్ తీగ మళ్లీ తగిలించాడు. కాఫీ గ్లాసు కడిగి బోర్లించాడు. తాళంచెవి మేకుకు తగిలించి, మిగిలిన చాక్లెట్లు కింద కాపలావాడికిచ్చి, ఎప్పుడూ ఎక్కే బస్సే ఎక్కాడు. టమాటా నారు సాయంత్రమే నాటాలని లిల్యానా పొద్దున చెప్పింది. కిటికీ పక్క సీటు దొరికింది.

ఆయన వెళ్లేటప్పుడు దెనిత్సా గుమ్మం దగ్గర ఫోన్లో మాట్లాడుతూ చెయ్యి మాత్రం ఎత్తగలిగింది. తిరిగొచ్చి తన బల్ల దగ్గర కూర్చునేసరికి ఆమె తెర మీద, కింద ఎడమ మూలన, పెన్సిలు గడులు బయటికి వచ్చేలా చిన్న టేపు ముక్కతో అంటించి ఉంది ఆ అట్ట, పేరులో ఒక్క అక్షరాన్నీ కప్పకుండా.